ఇందూరు ఇనుము ముచ్చట

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఆ తుమ్మ మొద్దును జర లోపలికి ఎగదొయ్యి, పొగ తగ్గుతది. ఇయ్యాల రాజుల కథ అడగకుండ్రి, దయ్యాల కథ అంతకన్న అడగకుండ్రి. ఇనుము ముచ్చట చెప్త. కొలిమి కాడ పుట్టి కొలిమి కాడనే ముసలోన్ని అయిన, నాకు బాగ వచ్చిన కథ అదొక్కటే.

ఎందుకు యాదికొచ్చిందంటే, మొన్న కెనడా నుంచి మా పెద్ద మనవడు ఫోన్ చేసిండు. ఆ దేశంల ఒక దిక్కు అందరు ఫ్రెంచి మాట్లాడుతరట. క్యూబెక్ అంటరు. ఆడ ఒక పల్లెల ఇలాకా, అంత పొలాలు, పాడి ఆవులు. నడుమ ఒక చిన్న పట్నం. ఆ పట్నం పేరే ఆస్బెస్టాస్. మన ఇండ్ల మీది సిమెంటు రేకులు ఉన్నయి గద, అందుల కలిపే రాతినార. ఊరి పక్కనే వందేండ్లకు పైబడి తవ్విన్రు, ఊరికన్న గుంతనే పెద్దగ అయింది. 1949ల కూలీలు నెలల తరబడి సమ్మె చేసిన్రు, ఆ సమ్మె ముచ్చట ఇప్పటికీ ఆడ బళ్ళల్ల చెప్తరట. ఆ దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతే మనిషి బతకడని లోకానికి తెలిసినంక గిరాకి పడిపోయింది, గని మూతబడ్డది. ఆ పేరుతోని ఎవ్వలు దగ్గరికి వస్తలేరని 2020ల ఊరోళ్ళు ఓట్లేసుకోని పేరే మార్చుకున్నరు. ఇప్పుడు దాని పేరు వాల్-దే-సూర్స్.

కెనడా 2018ల ఆ నారను తన దేశంల బందు చేసింది. అంతకు ముందు తవ్వింది తవ్వినట్టు ఎవ్వలికి అమ్మిన్రు? ఆఖరి ఏండ్లల్ల ఎక్కువ కొన్నది మన దేశమే. ఏందిరా, పైకి చూస్తున్నవ్? అవును, మన రేకులల్ల ఆ ఊరి రాయి ఉన్నా ఉంటది. పగిలిన రేకును కోతమిషన్ పెట్టి కొయ్యకుండ్రి అని నేను ఊకె మొత్తుకునేది అందుకే.

మనవడు అడిగిండు, "తాతా, మన దిక్కు గనులు లెవ్వా?" అని. లేకేంరా అన్న. మన నస్రుల్లాబాదుల గుంత లేకపోతే ఏమాయె, మన పాత ఇందూరు జిల్లా, అంటే నిజామాబాద్, అంత ఒకప్పుడు ఇనుము జిల్లానే. ఫ్రెంచోళ్ళు మూడువందల యాభై ఏండ్ల కిందనే రాసిపెట్టుకున్నరు. మనకే ఎరుక లేదు.

మీరు నమ్మరు, నాకు తెలుసు. మీరు పుట్టంగనే చూసింది కాలువ నీళ్ళు. మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలుపెట్టి 1931ల ముగిచ్చిన్రు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. కాలువ వచ్చింది, వరి వచ్చింది, చెరుకు వచ్చింది. కోస్తా నుంచి రైతులు దిగి వర్ని దిక్కు, బోధన్ దిక్కు క్యాంపులు వేసుకున్నరు. బోధన్ల చక్కెర కార్ఖానా లేసింది, రుద్రూర్ల వరి మీద, చెరుకు మీద పరిశోధన పెట్టిన్రు. ఇగ మన జిల్లా అంటే వడ్లు, చెరుకు, పసుపు. గనులు అంటే సింగరేణి. 1871ల కింగ్ దొర ఇల్లందు దిక్కు బొగ్గు ఉన్నదని చెప్పుడు, 1889ల తవ్వుడు మొదలు కావుడు, అది అందరికి ఎరుకే. బొగ్గు నిన్నమొన్నటి ముచ్చట బిడ్డా. ఇనుము దానికన్న మస్తు పాతది.

ఆ ఫ్రెంచోని పేరు తెవెనో. 1666, 67 సంవత్సరాలల్ల మన దేశం తిరిగిండు. ఔరంగాబాదు నుంచి గోల్కొండకు పోయే బాటల ఇందూరు తగిలింది, ఇందల్వాయి తగిలింది. ఇందల్వాయి గురించి ఏం రాసిండంటే, ఆడ కత్తులు, బాకులు, బల్లేలు లెక్కలేనన్ని చేస్తరు, దేశం నలుమూలలకు పోతయి, ఇనుము ఊరి దగ్గరి గుట్టలల్ల గని నుంచే తీస్తరు అని. మా చిన్న మనుమరాలు డిగ్రీల చరిత్ర చదువుతది, అదే నాకు ఇంగ్లీషుల చదివి తెలుగుల చెప్పింది. నేను మల్లమల్ల చదివించుకున్న. పాపం తెవెనో ఇంటికి పోలేదు. తిరుగు ప్రయాణంల పర్షియాలనే చచ్చిపోయిండు, ముప్పై నాలుగేండ్లకు. పుస్తకం తర్వాత ప్యారిస్ల అచ్చయింది.

ఇయ్యాల ఇందల్వాయి అంటే మీకేం గుర్తొస్తది? టోల్‌గేట్! నాగపూర్ రోడ్డు మీద పైసలు కట్టి పోవుడే. ఆ రోడ్డే తెవెనో పోయిన పాత బాట దిక్కు. గుట్టలు అవే ఉన్నయి. కత్తులు చేసిన ఊరు అని బోర్డు మాత్రం ఏడ లేదు.

తెవెనో ఒక్కడే కాదు. తవెర్నియే అని ఇంకొకడు ఉండె, వజ్రాల బేరగాడు. ఆయన గోల్కొండ దిక్కు వచ్చింది రాళ్ళ కోసం, అయినా ఉక్కు గురించి గూడ రాసిండు. పర్షియాల, మీద నీటి చారలు తేలే కత్తులు చేస్తరు గద, దానికి గోల్కొండ రాజ్యం నుంచి వచ్చే ఉక్కే కావాలె, వేరేది పనికిరాదు అని. కోహినూరు పేరు చెప్తే మనోళ్ళు ఛాతి ఇరుచుకుంటరు. ఉక్కు ముచ్చట చెప్పేటోడు లేడు. వజ్రం మట్టిల దొరుకుతది, దొరికినోని అదృష్టం. ఉక్కును మనిషి చెయ్యాలె. నన్నడిగితే దేనికి గర్వపడాల్నో నాకు తెలుసు.

ఇగ ఎట్ల చేస్తుండిరో చెప్త. ఇనుండ్రి, ఇది నా పని.

మొదలు ఇసుక. వానకాలం వాగు పారినంక ఒడ్డు మీద నల్లగ ఒక చార మిగులుతది, చూసిన్రా? అది ఇనుప ఇసుక. పాత స్పీకర్ల నుంచి అయస్కాంతం తీసి మంజీర ఇసుకల దొర్లియ్యుండ్రి రేపు, నల్లపొడి మీసాలు మొలిసినట్టు అంటుకుంటది. గోదారి దిక్కు, మెట్‌పల్లి దిక్కు వాగులల్ల అది మస్తు. దాన్ని ఎత్తుకొచ్చి నీళ్ళల్ల కడుగుడు, బరువున్న నల్లది అడుగుకు నిలుస్తది, తెల్లది కొట్టుకపోతది. ఇంకొన్ని దిక్కుల ఎర్రమన్నుల రాళ్ళు తవ్వి తెస్తుండిరి. నిర్మల్ దగ్గర దిమ్మదుర్తి రాయికి పెద్ద పేరు.

బొగ్గు మనం కాల్చుకునుడే, అడివి కట్టె బొగ్గు. మట్టితోని బట్టీ కట్టుడు, కింద మట్టి గొట్టం పెట్టుడు, గొట్టానికి తోలు తిత్తి. బొగ్గు ఒక వరస, ఇనుప ఇసుక ఒక వరస, మల్ల బొగ్గు. తిత్తి ఆగొద్దు. ఆగితే అంత పాడు. ఇసుకల ఉన్న మన్ను, మలినం అంత కరిగి చిట్టెమై కిందికి కారుతది. ఇనుము కరగదు, మెత్తగై ఒక దగ్గర ముద్ద కట్టుకుంటది. బట్టీ ముంగటి గోడ పగలగొట్టి ఆ ముద్దను పట్టుకార్లతోని గుంజి, వేడి మీదనే సమ్మెటలతోని కొట్టుడు. కొడుతుంటే ఇంకున్న చిట్టెం చిమ్ముకుంట బయటికి పోతది. ఈ పని చేసేటోళ్ళను ముద్ద కమ్మరోళ్ళు అంటరు. మేము వాళ్ళకు ఇవతలి వాళ్ళం. వాళ్ళు ముద్ద చేస్తరు, మేము ఆ ముద్దతోని కర్రు, కొడవలి, గుద్దలి చేస్తం.

మా తాత కాలానికే ముద్ద ఇనుము రావుడు బందయింది. అయినా ఆయన దగ్గర ఒక పాత గొడ్డలి ఉండె, వాళ్ళ తాత చేసింది. దాని మీద తుప్పు పట్టకపోతుండె. మేము కామారెడ్డి పాత సామాన్ల దుకాణంల లారీ కమాను పట్టీలు కొనుక్కొచ్చి కొడవండ్లు కొడుతుంటే, ఆయన ఆ గొడ్డలిని చూపిచ్చి నవ్వుతుండె. "మీది కొన్న ఇనుము, ఇది కన్న ఇనుము" అంటుండె. పంట చేతికొచ్చినంక ఇంటింటికి మేర అడుక్కొచ్చుకునే బతుకైనా, ఆయన మాట అట్ల ఉంటుండె.

ఇనుము అయిపోయింది. ఉక్కు వేరే.

ఉక్కు అంటే కోనసముద్రం. ఆర్మూర్ దాటి మెట్‌పల్లి పోయే బాటల కమ్మర్‌పల్లి ఉన్నది గద, ఆ దిక్కు. రెండువందల ఏండ్ల కింద వాయిసీ అని ఒక ఇంగ్లీషు డాక్టరు ఆడికి పోయిండు. డాక్టరే గని రాళ్ళ శాస్త్రం ఎరిగినోడు, దేశం కొలిచే సర్వే పార్టీల నౌకరి. కూసోని అంత చూసి రాసిండు. ఆయన 1824ల చచ్చిపోయినంక, 1832ల కలకత్త ఏషియాటిక్ సొసైటీ పత్రికల అది అచ్చయింది. ఆ కాయితం లేకపోతే కోనసముద్రం పని మొత్తం మట్టిల కలిసిపోతుండె.

ఆయన రాసింది ఏందంటే, ఉక్కుకు రెండు తీర్ల ఇనుము కలుపుతరు. ఒకటి మెట్‌పల్లి నుంచి వచ్చేది, ఇసుకతోని చేసింది. ఇంకొకటి కొండాపూర్ నుంచి వచ్చేది, ఎర్రమన్ను రాయితోని చేసింది. మూడు పాళ్ళు మెట్‌పల్లిది, రెండు పాళ్ళు కొండాపూర్‌ది. ఈ లెక్క ఎవ్వడు కట్టిండు? తూకంల పది తప్పులు చేసి, పదకొండోసారి ఒప్పు పట్టినోడు ఎవ్వడో ఉంటడు. వాని పేరు వాయిసీకి గూడ దొరకలేదు.

ఆ ముక్కలను మూసల పెట్టాలె. మూస అంటే మట్టి కుండ, చిన్నది, మందం గోడలు. మంటకు తట్టుకోవాలె, ఉక్కు కరిగే మంట అంటే 1400 డిగ్రీల దాక. మామూలు కుండ అయితే పగులుడు గూడ కాదు, కరిగి కారుతది. అందుకని మన్నుల వరి ఊక కలుపుతుండిరి, పాత మూసల పెంకులు దంచి కలుపుతుండిరి. ఊక కాలితే లోపల బొగ్గు, గాజు లాంటి పదార్థం మిగిలి గోడకు బలం ఇస్తయట. 1980లల్ల థెల్మా లో అని ఒక అమెరికా పరిశోధకురాలు ఆ పెంకులను పరీక్షకు పెట్టి ఈ ముచ్చట బయటికి తీసింది. మనం ఊకను ఇటుకబట్టీకి అమ్ముకుంటున్నం, వాళ్ళు ఉక్కుకు వాడిన్రు.

మూసల ఇనుప ముక్కలు, కొంచెం గాజు చిట్టెం. మీద మట్టి మూత, గాలి పోకుంట మెత్తుడు. దక్షిణాన సేలం దిక్కు అయితే ఇంత తంగేడు కట్టె, ఆకులు వేసి మూత పెడుతుండిరి. మనం బతుకమ్మల పేర్చే తంగేడేనురా. కట్టెల ఉన్న బొగ్గు ఇనుముల దిగితేనే అది ఉక్కైతది. నూరు పాళ్ళ ఇనుముల పాలున్నర బొగ్గు. ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన.

మంట ఒక పగలు, ఒక రాత్రి. 24 గంటలు తిత్తి ఆగొద్దు, ఊదేటోళ్ళు వంతులు మార్చుకునుడే. తర్వాత తొందరపడొద్దు, మూసలు మెల్లమెల్లగ చల్లారాలె. ఆ చల్లారుట్లనే ఉంది కత్తి మీది నీటి చార. చల్లారినంక మూస పగలగొడితే లోపల సగం కొబ్బరిచిప్పంత ఉక్కు బిళ్ళ. ఇంకా అయిపోలేదు. దానికి మల్ల మట్టి పూసి, పన్నెండు నుంచి పదహారు గంటలు సన్నటి మంట మీద పెట్టాలె. తీసి చల్లార్చి మల్ల పెట్టాలె. మూడు నాలుగు సార్లు అట్ల చేస్తేనే సుత్తె దెబ్బకు లొంగుతది. లేకపోతే మొదటి దెబ్బకే ముక్కలు.

వాయిసీ పోయిన నాడు ఆ ఊళ్ళె ఒక హాజీ ఉండె. ఇస్ఫహాను నుంచి, పర్షియా దేశం నుంచి వచ్చినోడు. ఉక్కు కొనేటందుకు నెలల బాట నడిచి, సముద్రం దాటి కోనసముద్రంల కూసున్నడు. కొనుడే కాదు, ఇనుము తూకం వేసే కాన్నుంచి బిళ్ళ పరీక్ష దాక దగ్గరుండి చూస్తుండె. మా దేశంల గూడ చెయ్యాల్నని చూసినం, రాలేదు అని వాయిసీతోని చెప్పిండట. ఆ బిళ్ళలు పోయి అక్కడి కమ్మరోళ్ళ చేతులల్ల కత్తులైతుండె. డమాస్కస్ కత్తి అని దునియ మొత్తం పేరు. డమాస్కస్ల ఇనుము పుట్టలేదు బిడ్డా. అంతకు ముందు డచ్చోళ్ళు గూడ మచిలీపట్నం దిక్కు రేవుల నుంచి ఓడలల్ల మన ఉక్కు బిళ్ళలు పర్షియాకు ఎక్కించిన్రు.

ఒకటి చెప్పాల్నా? ఆ సముద్రం అవతలి నుంచి కొనేటోళ్ళు మన పల్లెలకు వచ్చిన్రు. ఇయ్యాల ఆ సముద్రం ఒడ్డుకే మన పోరగాండ్లు దుబాయి, మస్కట్ అని కూలికి పోతున్రు. కామారెడ్డి బస్టాండుల సూట్‌కేసు పట్టుకోని నిలబడ్డ పోరన్ని చూసినప్పుడల్ల నాకు ఆ హాజీ యాదికొస్తడు.

మల్ల ఫ్రెంచోళ్ళ కాడికి వస్త. 1722ల రియోమూర్ అని ప్యారిస్ల పెద్ద పండితుడు, ఇనుమును ఉక్కు ఎట్ల చెయ్యాల్నో పుస్తకం రాసిండు. ఆయనకు కైరో నుంచి హిందుస్తాన్ ఉక్కు బిళ్ళ ఒకటి చేతికొచ్చింది. దీనితోని ఒక పనిముట్టు చేసియ్యుండ్రి అని ప్యారిస్ల ఉన్న కమ్మరోళ్ళకు ఇచ్చిండు. ఒక్కనితోని గూడ కాలేదు. ప్యారిస్ కమ్మరోళ్ళు తక్కువోళ్ళా? కాదు. వాళ్ళ ఇనుమును వాళ్ళు తెల్లగ కాలబెట్టి కొడతరు, అలవాటు అది. మన ఉక్కుల బొగ్గు ఎక్కువ. తెల్లగ కాలిస్తే లోపల్లోపల కరుగుడు మొదలైతది, సుత్తె తగిలితే రాలిపోతది. ముదురు ఎరుపు మీద ఉన్నప్పుడే, దెబ్బ చిన్నగ, ఎక్కువ సార్లు కొట్టాలె. ఎరుపు పోయిందంటే ఆపాలె, మల్ల కొలిమిల పెట్టాలె. కమాను పట్టీ కొట్టేటప్పుడు నేను నేర్పేది గూడ ఇదే గద, "తెల్లగ కానియ్యకురా" అని. ఆ ముక్క రియోమూర్‌కు చెప్పేటోడు లేకపోయె.

నూరేండ్ల తర్వాత బ్రేయాన్ అని ప్యారిస్ టంకశాల అధికారి ఒకాయన, 1820లల్ల పట్టుబట్టి ప్రయోగాలు చేసి, ఉక్కుల బొగ్గు పాలు ఎక్కువ ఉండుడు, మెల్లగ చల్లారుడు, ఈ రెండిటితోనే ఆ నీటి చార వస్తదని పట్టుకున్నడు. ఇంగ్లండుల కరెంటు శాస్త్రం చెప్పిన ఫారడే గూడ ఆ రోజులల్లనే మన ఉక్కు మీద పని చేసిండు. అంటే, లోకంల పెద్ద పెద్ద బుర్రలు మన కోనసముద్రం పని ఏందో తెలుసుకునేటందుకు కిందమీద పడ్డయి. వాళ్ళకు అర్థమయ్యే నాటికి మన బట్టీలు ఆరిపోవుడు మొదలైంది.

ఎందుకు ఆరిపోయినయ్? ఒక్క కారణం చెప్పేటోన్ని నమ్మకుండ్రి. తుపాకులు వచ్చినయి, కత్తికి గిరాకి పోయింది. పర్షియా బేరం సన్నగిల్లింది. ఇంగ్లండుల పెద్ద బట్టీలు వచ్చినయి, 1856ల బెస్సెమర్ అనేటోడు టన్నుల కొద్ది ఉక్కు నిమిషాలల్ల చేసే ఉపాయం తీసిండు. మన దగ్గర ఒక పగలు, ఒక రాత్రి తిత్తి ఊదితే వచ్చేది కొన్ని బిళ్ళలు. అడివి సర్కారు చేతికి పోయింది, బొగ్గు కాల్చుడు నేరమాయె. 1900 సుమారుల కామారెడ్డి, ఇందూరు మీదికెల్లి మన్మాడు రైలు వచ్చింది. రైలు వచ్చిందని ఊర్లు సంబురపడ్డయి. అదే రైల్ల సీమ ఇనుము చౌకగ దిగింది. ఎడ్లబండి చక్రం పట్టా నుంచి బాయి బొక్కెన దాక అంత సీమ ఇనుమే. ముద్ద కమ్మరోళ్ళు కొందరు మాతోని కలిసి కర్రు కొట్టిన్రు, కొందరు ఎవుసం కూలికి పోయిన్రు. గనులు మూతబడుడు అంటే పెద్ద గేటుకు తాళం వేసుడు అనుకుంటరు. ఇక్కడ తాళం లేదు, గేటు లేదు. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క కొడుకు తిత్తి కింద పెట్టుడే.

ఇప్పుడు ఏం మిగిలిందంటే, చిట్టెం. ఉత్తర తెలంగాణల ఎన్ని ఊర్ల పొలిమేరల నల్లటి దిబ్బలు ఉన్నయో! ఎత్తి చూస్తే బరువు, మీద కారినట్టు మడతలు, పగలగొడితే లోపల బుడగలు. కొన్ని ఊర్లల్ల ఆ దిబ్బల పక్కన మమ్మాయి గుడి ఉంటది. మమ్మాయి మా కమ్మరోళ్ళ దేవత. గుడి ఉన్నది, పూజ ఉన్నది, ఎందుకు పూజ చేస్తున్రో చెప్పేటోళ్ళు తక్కువైన్రు. మన తెలంగాణ చరిత్రకారుడు ఎస్. జైకిషన్ ఊరూరు తిరిగి ఈ దిబ్బలను రాసిపెట్టిండు. 2010ల బెంగుళూరు నుంచి శారదా శ్రీనివాసన్, ఇంగ్లండుల ఎక్సెటర్ యూనివర్సిటీ నుంచి గిల్ జులెఫ్ ఆయనతోని కలిసి ఉత్తర తెలంగాణ మొత్తం చుట్టిన్రు. చదువుకున్నోళ్ళు వచ్చి చిట్టెం ఏరుకుంటుంటే, బంగారం ఉన్నదేమో అని మనోళ్ళు వెంటవడి చూసిన్రట. నవ్వకుండ్రి, మీరైనా అట్లనే చూస్తుండె.

నాకు కోపం వచ్చే ముచ్చట ఇది. ఆ దిబ్బలను జేసీబీ పెట్టి ఎత్తి, టిప్పర్లల్ల పోసి, పొలాల బాటలకు మొరం బదులు పరుస్తున్రు. ఒక ఊరి దిబ్బ నా కండ్ల ముంగటనే రోడ్డు కింద పోయింది. ఫ్రాన్సు ఉత్తరాన నోర్-పా-ద-కలే అని బొగ్గు గనుల ప్రాంతం ఉన్నది. 1990ల ఆఖరి గని మూసిన్రు. బొగ్గు తవ్వి పారబోసిన మట్టి గుట్టలు గుట్టలుగ మిగిలింది. వాళ్ళు దాన్ని ఎత్తిపోయలేదు. 2012ల యునెస్కో ఆ గుట్టలను, గని యంత్రాలను, కూలోళ్ళ ఇండ్లను కలిపి ప్రపంచ వారసత్వం అని ప్రకటించింది. మన రామప్ప గుడికి 2021ల ఏ పేరు వచ్చిందో అదే పేరు, బొగ్గు మట్టి గుట్టకు! మా మనుమరాలు చెప్తే ముందు నేను గూడ నమ్మలేదు, ఫోన్ల బొమ్మ చూపిచ్చింది. జనం ఆ గుట్ట ఎక్కి ఫోటోలు దిగుతున్రు.

కెనడా ఊరోళ్ళు పేరు మార్చుకున్నరు, అది వాళ్ళ బాధ, వాళ్ళ ఊపిరి. వాళ్ళను నేను తప్పుపట్ట. మన ఇనుము ఎవ్వలి ప్రాణం తీసిందని మనం మరిచిపోవాలె? కత్తి ప్రాణం తీస్తది అంటరా, సరే. కర్రు గూడ అదే కొలిమిల పుట్టింది గద.

ఇగ లేవుండ్రి, మంచు దిగుతున్నది. లేచే ముందు ఒక్కటి ఇని పోండ్రి. మీరు పెండ్లిండ్లకు, చదువులకు, డ్రైవరు పనులకు ఆర్మూర్ దిక్కు, మెట్‌పల్లి దిక్కు, నిర్మల్ దిక్కు పోతుంటరు. దున్నుతుంటే నల్లటి చిట్టెం గడ్డ తగిలినా, లోపల గాజు మెరుస్తున్న మూస పెంకు దొరికినా గట్టు అవతలికి ఇసిరెయ్యకుండ్రి. ఏ గట్టున దొరికిందో కాయితం మీద రాసి, బడిల సారుకు ఇయ్యుండ్రి, లేకపోతే పురావస్తు శాఖోళ్ళకు చెప్పుండ్రి. దిబ్బ మీదికి టిప్పర్ వస్తే, పంచాయతీల లేసి అడుగుండ్రి. సర్పంచ్ కొడుకు ఎవ్వలన్న ఉన్నరా ఇండ్ల? నీకే చెప్తున్నరా, మీ నాయినకు రేపు పొద్దుగాలనే చెప్పు.